రొమ్ము దాటి లేవని చెయ్యి

దొరతనం పోయిందని ఊరంతా చెప్పుకునే రోజులవి. మెదక్ బస్టాండులో నా పక్కన కూర్చున్న మనిషికి కుడి భుజం వెనుక రెక్క ఎముక నాగటి కర్రులా పొడుచుకొచ్చి ఉంది. నేను చూస్తుంటే అతనే చెప్పాడు.

"నొసటికి చేతులెత్తి దండం పెట్టలేదని మా పటేలు కట్టెతోటి భుజం పలగ్గొట్టిండన్నా. పట్నం దవాఖానల భుజం కీలుల ఇనుప గుండు ఏసిండ్రు. గుండు మంచిగనే కూసున్నది గని, రెక్క ఎముక జరిగింది. చెయ్యి రొమ్ము దాటి లేస్తలేదు."

అంతలో ఆ పటేలే నర్సాపూర్ బస్సు దిగాడు.

"ఏందిరా, ఇనుము ఏసుకొని బలిసినవా? దండమేది?"

"లేవదు పటేలా."

"నేను లేపుత!" అని పటేలు ఆ చేతిని పైకి గుంజాడు. లోపల ఏదో కటుక్కుమంది. అతను ఎడమచేత్తో పటేలు గొంతు పట్టి, నెత్తురు కారేదాకా తలను బస్సు రేకుకేసి మోదాడు.

"గీ చెయ్యి లేస్తది, సూడు!"

పోలీసులు వచ్చి పటేలుకు సోడా తాగించారు, అతన్ని తన్నుకుంటూ తీసుకుపోయారు. భుజం పగిలిన నాడు వీళ్ళెక్కడున్నారు?

నా భుజాలు రెండూ ఇప్పటికీ గట్టివే. అయినా ఏ పెద్దమనిషి ఎదురైనా దండం పెట్టడానికి నా చేతులు రొమ్ము దాటి లేవవు.