గొట్టాల మాట ఎత్తని రోజు

పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో ఆ ప్లంబరు భార్య మొగుడికి పెట్టింది ఒకే ఒక్క షరతు. అది కూడా విమానం ఎక్కబోయే ముందు రోజు, సంచీలో తువ్వాలు మడిచి పెడుతూ పెట్టింది.

"రేపు ఒక్క రోజు గొట్టాల మాట ఎత్తకూడదు. కుళాయి అనకూడదు, లీకు అనకూడదు, ఎవరి బాత్రూములోకీ తొంగి చూడకూడదు. పొద్దున ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా మీరు నాతో వచ్చిన మనిషి. అంతే."

"ఓస్, అంతేనా" అన్నాడాయన.

"మాట తప్పారో, ఇక జన్మలో మీతో ఎక్కడికీ రాను."

ఓస్ అన్నాడు గానీ గుండె గుభేలుమంది. ఆవిడ అన్నదంటే అన్నదే. ఎప్పుడో పన్నెండేళ్ల కిందట "నీ చేతికి పంచదార కాస్త ఎక్కువే పడుతుందమ్మా" అని వదినగారు ఒక మాట జారితే, ఆ పూట నుంచి ఈ పూట దాకా చప్పటి టీయే తాగుతోంది. ఆ వదిన వచ్చి బతిమాలినా, డాక్టరు వచ్చి చెప్పినా చప్పటి టీయే.

ఆవిణ్ణి తప్పు పట్టడానికీ లేదు. వీధిలో ఆయన్ని అందరూ లీకు బాబాయ్ అంటారు. ఆయనవి మామూలు చెవులు కావు. మూడో ఇంట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతుంటే ఇక్కడ ఈయనకు ముద్ద దిగదు. చుట్టాలింటికి వెళితే "బాగున్నారా" అన్న రెండో నిమిషానికి "మీ సింకు కింద చెమ్మ ఉన్నట్టుందే" అంటాడు. మూడో నిమిషానికి సింకు కింద ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. చుట్టాలకు ఇది మహా సంతోషం. కొంతమంది ఆయన వస్తున్నాడని తెలిసి రిపేర్లు దాచి ఉంచేవారు. ఆవిడ మాత్రం వాళ్ల సోఫాలో ఒక్కతీ కూర్చుని, వాళ్ల పాత ఫొటోలు మళ్లీ మళ్లీ చూస్తూ ఉండేది.

కూతురి పెళ్లిలో అయితే హద్దు దాటింది. రెండు వైపుల వాళ్లూ వరసగా భోజనాలకు కూర్చున్నారు. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. ఆ సమయంలో పెళ్లికూతురి తండ్రి కొత్త చొక్కాతో హాలు వెనకాల వాష్ బేసిన్ కింద పడుకుని ఉన్నాడు. అందరి చేతులు కడగడాలూ అయ్యాక వెలిగిపోయే మొహంతో వచ్చి, "ఏం లేదు, వాషరు పోయిందంతే" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు కూడా ఏమీ అనలేదు.

ఆ పదకొండు రోజులూ చూసిన పిల్లలిద్దరూ కలిసి ఈ ప్రయాణం కట్టబెట్టారు. పొద్దున చిన్న విమానంలో గంట ప్రయాణం, ఎక్కడో ఎండిన గుట్టల మధ్య శిథిలాలుగా మిగిలిన పాత నగరం, చూపించడానికి ఒక గైడు, సాయంత్రానికి తిరిగి ఇల్లు. అక్కడ మనుషులు నివసించడం మానేసి రెండు వేల ఏళ్లు దాటిందని టికెట్లతో వచ్చిన కాగితంలో ఉంది. రెండు వేల ఏళ్లుగా నీటి చుక్క లేని చోట నాన్నకు పనేం ఉంటుందన్నది కూతురి లెక్క. ఆ పిల్ల తెలివైనదే గానీ, నీళ్ల సంగతి దానికి తెలియదు.

విమానం ఎక్కడం దివ్యంగా జరిగింది. ఆయన కిటికీ సీటు భార్యకిచ్చాడు. ఆవిడ మబ్బుల్ని చూసి చిన్నపిల్లలా చేయి పట్టుకుని లాగితే, ఆయనా వంగి చూసి "బాగున్నాయి" అన్నాడు. ఇంకేమనాలో తోచక "తెల్లగా ఉన్నాయి" అని కూడా అన్నాడు. అంతా సవ్యంగా సాగిపోతున్న వేళ ఆయనకు ఒంటికి వెళ్లాల్సి వచ్చింది.

లోపల మీట నొక్కగానే చుక్క నీళ్లు కూడా లేకుండా, గుటుక్కున ఎవరో మింగేసినట్టు అంతా మాయమైంది. ఆయన కొయ్యబారిపోయాడు. నలభై ఏళ్ల అనుభవంలో ఇలాంటిది కనలేదు, వినలేదు. మళ్లీ నొక్కాడు. చెవి ఆనించి ఇంకోసారి నొక్కాడు. గాలి లాగుతోందని అర్థమయ్యాక, నిర్ధారణ కోసం మరొక్కసారి. తలుపు తీసేసరికి బయట నలుగురు నిలబడి ఉన్నారు.

"ఇంతసేపా?" అంది భార్య.

"కడుపులో బాగోలేదు."

ఆవిడ సంచీలోంచి మాత్ర తీసి చేతిలో పెట్టింది. మహారాజులా ఉన్న కడుపులోకి ఆయన ఆ చేదు మాత్ర మింగాడు. తేలు కుట్టిన దొంగ అరవగలడా మరి?

దిగేచోట పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని గైడమ్మాయి నిలబడి ఉంది. ఇరవై మందినీ బస్సెక్కించి గుట్ట మీదికి తీసుకెళ్లింది. గొంతు చక్కనిది, ఓపిక ఇంకా చక్కనిది. ఓపిక అక్కరకు రావడానికి కారణం గుంపులో ఉన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన రాయి కనిపిస్తే బరువెంత అంటాడు, మెట్లు కనిపిస్తే ఎన్ని అంటాడు, చెప్పాక తనే మళ్లీ లెక్కపెట్టుకుంటాడు.

పాత నగరం ఎండలో తేనె రంగులో మెరుస్తోంది. పైకప్పులు లేవు గానీ గోడలు నడుము ఎత్తున నిలిచే ఉన్నాయి. వీధికి ఇటూ అటూ ఇళ్లు, ఇళ్లకు గడపలు, గడపల మీద కాళ్లరిగిన నున్నటి గుంటలు. ఆవిడ ఒక గడపలో కాలు పెట్టి, "ఇక్కడ ఎవరో ఇల్లాలు రోజూ నిలబడేదేమో" అంది. ఆయన అవునన్నాడు. కానీ ఆయన కళ్లు అప్పటికే ఆ వీధి అంచున, పలకల కింద నుంచి తిన్నగా సాగిపోతున్న సన్నటి రాతి కాలువ మీద పడ్డాయి. పడ్డ కళ్లను బలవంతంగా పీకి ఆకాశానికి అతికించాడు. అక్కడి నుంచి మనిషి నేల చూడడం మానేశాడు. నేల చూడకుండా శిథిలాల్లో నడిస్తే ఏమవుతుంది? రెండుసార్లు రాయి తట్టుకుని తూలాడు, ఒకసారి మాస్టారి కాలు తొక్కాడు.

అదీగాక, మాట నిలబెట్టుకోవడం అంటే చరిత్ర మీద శ్రద్ధ చూపించడం అనుకున్నాడు పాపం. "ఈ రాజుగారికి సంతానం ఎంతమందమ్మా?" అని అడిగాడు. ఇది రాజుల ఊరు కాదనీ, వర్తకుల ఊరనీ గైడమ్మాయి అప్పటికి మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి కూడా నవ్వుతూనే చెప్పింది.

భార్య ఇదంతా చూస్తోంది. మొదట మురిసింది. తర్వాత ఆ మురిపెం కొంచెం కొంచెంగా జారిపోసాగింది. పక్కన నడుస్తున్న మనిషి అడిగినదానికి అవునంటున్నాడు, చూపించినదానికి బాగుందంటున్నాడు, మంచినీళ్ల సీసా మూత తీసి మరీ అందిస్తున్నాడు. ఎవరో పెద్దమనిషి మర్యాదగా తోడొచ్చినట్టుంది. సింకు కింద కాళ్లు మాత్రమే కనిపించినప్పుడు కూడా ఆ కాళ్లు తన మొగుడివేనని తెలిసేది. ఇవాళ మనిషి మొత్తం కనిపిస్తున్నాడు గానీ ఆ మనిషి ఎవరో తెలియడం లేదు.

ఊరి మధ్యలో స్నానాల కొలను ఉంది. నాలుగు వైపులా మెట్లు, అడుగున పరిచిన పెద్ద పెద్ద పలకలు. పొడిగా, ఖాళీగా ఉంది. గుంపంతా అడుగుకి దిగింది. మాస్టారు పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచి, లోతుతో గుణించి, "అమ్మో, ఇన్ని నీళ్లా? మురికైతే మార్చాలి కదా. ఆ నీళ్లన్నీ ఎటు పోయేవమ్మా?" అని అడిగాడు.

"కచ్చితంగా తెలీదండి. కడవలతో తోడి బయట పోసేవాళ్లని అంటారు" అంది గైడమ్మాయి.

లీకు బాబాయ్ చటుక్కున అటు తిరిగిపోయి గోడ మీద చెక్కిన పక్షిని చూడసాగాడు. పక్షి తల ఎప్పుడో విరిగిపోయింది. లేని తలని అంత దీక్షగా చూస్తున్న మనిషి మెడ వెనకాల నుంచి ఎర్రబడి, ఆ ఎరుపు చెవుల దాకా పాకింది.

భార్య చూసింది. ఇక ఆవిడ వల్ల కాలేదు.

"కడవలతో తోడడమేంటమ్మా" అంది గైడుతో. "ఇంత పని చేసినవాళ్లకి నేలకి వాటం పెట్టడం తెలీదా? వాటం లేకపోతే అడుగున నీళ్లు నిలిచి కంపు కొడతాయి. అదిగో, ఆ మూల చూడు. పలకలన్నీ అటే వాలి ఉన్నాయి. అక్కడ తూము ఉండాలి."

తలలేని పక్షి ముందున్న మనిషి మెల్లగా ఇటు తిరిగాడు.

ఆ మూలలో నిజంగానే, మెట్టు నీడలో, అరచేయి పట్టేంత సందు ఉంది. "అది కలుగేమో అనుకున్నానండి" అంది గైడమ్మాయి.

"కలుగైతే నీళ్లు పోస్తే తెలుస్తుంది. పోయొచ్చా?"

గైడమ్మాయి ఆలోచించింది. "ఏదీ ముట్టుకోకూడదని, కదపకూడదని రూల్సులో ఉంది. నీళ్లు పోయకూడదని మాత్రం ఎక్కడా లేదండి. అయినా అడిగొస్తాను" అని పైకెళ్లి కాపలా ఆయన్ని అడిగింది. ఆయనకూ చూడాలనిపించిందేమో, తనే కిందికి దిగి వచ్చాడు.

ఆవిడ సీసా తెరిచి ఈ అంచున పోసింది. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి, పలకల మీద దారి వెతుక్కుంటూ, ఎవరో పిలిచినట్టు ఆ మూలకి పరిగెత్తి సందులోకి జారిపోయాయి. ఆవిడ మొగుడి వైపు చూసి, "నాకు తెలిసింది ఇంతే. అవతల ఎక్కడ తేలుతుందో మీరు చెప్పండి" అంది.

"చెప్పొచ్చా?" అన్నాడాయన.

"వెళ్లండి."

ఆ వయసులో ఆయన అన్ని మెట్లు అంత వేగంగా ఎక్కడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పైకెళ్లి కొలను చుట్టూ తిరిగి, పల్లం ఎటుందో చూసి, గోడ దాటి, గుట్ట వాలున నలభై అడుగులు దిగి ఒక చోట చతికిలబడ్డాడు. అక్కడ రాతికట్టులో చదరపు కన్నం ఉంది. ఆయన మొహం దాని ముందు పెట్టి, గోడ దాకా వచ్చి చూస్తున్న గైడమ్మాయికి చేయి మాత్రం పైకెత్తి ఊపాడు.

మాస్టారు తన సీసా ఇచ్చాడు. తర్వాత అందరూ ఇచ్చారు. డ్రైవరు బస్సులోంచి పెద్ద క్యాను మోసుకొచ్చాడు. ఆవిడ కొంగు దోపి, క్యాను ఒంచి, "వదిలాను" అని కేక పెట్టింది. ఆ కేక ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియలేదు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆయనకు తోడు పనివాళ్లు ఉండేవాళ్లు కారు. డాబాల మీద బకెట్టుతో ఆవిడ నిలబడేది, కింద గొట్టం దగ్గర ఆయన. పిల్లలు పుట్టాక, ఆవిడ ప్రెస్సులో పనికి కుదిరాక ఆ రోజులు వాటంతట అవే వెనకబడిపోయాయి.

మాస్టారు అంకెలు లెక్కపెడుతున్నాడు. ఆయన నలభై ఒకటి దగ్గర ఉండగా గోడ అవతల నుంచి ఒక్క మాట వినిపించింది.

"వచ్చింది."

అందరూ పరుగున వెళ్లి చూస్తే, ఆ కన్నంలోంచి కారుతున్న మట్టినీళ్లు దోసిట పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త ప్యాంటు మోకాళ్ల దాకా బురద. గైడమ్మాయి నోటు పుస్తకం తీసింది. ఆయన చెప్పుకుపోయాడు. ఏటా వానలు పడుతూనే ఉన్నాయి కాబట్టి దారి పూడిపోలేదన్నాడు. మధ్యలో మట్టి దిగడానికి గుంట ఒకటి ఉండి తీరాలన్నాడు. "ఇది కట్టినవాడెవడో గానీ ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయుంటాడమ్మా" అన్నాడు. "ఇక మిగతా చరిత్రంతా నువ్వు చెప్పిందే. నాకు తెలిసింది నీళ్లు ఒక్కటే." ఆ పిల్ల అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. పైవాళ్లకు చూపిస్తానంది. మిగతా నగరం చూడడానికి ఎవరికీ వ్యవధి లేకపోయింది, ఎవరూ బాధపడనూ లేదు.

తిరుగు విమానంలో ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆ వాలు గురించీ, ఆ రాళ్ల అతుకు గురించీ పావుగంట ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. పొద్దున మింగిన మాత్ర సంగతి కూడా ఒప్పేసుకున్నాడు. "నాలుగుసార్లు నొక్కారు, నాకు వినపడింది" అంది ఆవిడ. "ఊరికే మాత్ర ఎందుకు ఇచ్చాననుకున్నారు?"

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక, "అది సరే, నేల వాటం సంగతి నీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఇంకెవరు? అన్నం తింటూ రోజూ మీరు చెప్పేదేగా."

"నువ్వు వింటున్నావని నాకు తెలీదు."

"వినకేం చేస్తాను."

కిటికీలోంచి ఎర్రటి వెలుగు ఆవిడ చేతుల మీద పడుతోంది. వేళ్ల చివర్లు గరుకుగా, జిగురు ఎండి తెల్లటి పొలుసులు కట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పుస్తకాల ప్రెస్సులో పని చేస్తోంది. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఆవిడ పని గురించి ఆయనకు తెలిసింది అంతే. ఎంత తవ్వినా అంతకు మించి ఒక్క ముక్క దొరకలేదు. నవ్వు మొహంతో కూర్చున్న మనిషికి ఒక్కసారిగా సిగ్గేసింది.

"అవునూ, మీ ప్రెస్సులో నువ్వు అసలేం చేస్తావు?" అన్నాడు.

ఆవిడ వేళాకోళం అనుకుంది. ఆయన మొహం చూశాక కాదని తెలిసింది. "ఏముంది, కాగితాలు మడవడం, కుట్టడం" అని ఆపేయబోయింది. ఎలా మడుస్తారని అడిగాడు. ముందు సీటు జేబులో ఉన్న రంగుల కాగితం తీసి చూపించింది. ఒక పెద్ద కాగితం మూడు మడతలేస్తే పదహారు పేజీలవుతాయి. అలాంటి కట్టలు వరసగా పేర్చి వెన్ను కుట్టాలి. దారం బిగిస్తే కాగితం తెగుతుంది, వదులు చేస్తే పుస్తకం ఊడుతుంది. ఆయనకు మొదటిసారి అర్థం కాలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు గట్టిపడింది, చేతులు గాలిలో సూదీ దారం ఆడించసాగాయి. కొత్తగా చేరినప్పుడు ఒక పుస్తకం మొత్తం తలకిందులుగా కుట్టిన వైనం చెప్పి తనే పకపకా నవ్వింది. ఆయన ఒక్క మాట కూడా అడ్డు తగలకుండా, నోరు తెరుచుకుని విన్నాడు.

విమానం దిగుతోందనీ, కాగితం లోపల పెట్టేసి బెల్టులు పెట్టుకోవాలనీ చెప్పడానికి ఎయిర్ హోస్టెస్ వచ్చి పక్కన నిలబడింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడాయన. "మా ఆవిడ చెప్తోంది."