కోతకాల పండుగకు మా బావ తెచ్చిన కానుక

మొన్న ఆదివారం మా చర్చిలో కోతకాల పండుగ వేలంలో ఒక గుమ్మడికాయ నాలుగు వేలు పలికింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను గానీ, సంఘపెద్ద దాన్ని పైకెత్తి "ఒకటోసారి" అనగానే ఈ వయసులోనూ నా గుండె జారింది. పత్తి పోయిన ఆ ఏడు గుర్తున్న నా ఈడువాళ్లు ఈ మాటకు నవ్వరనుకుంటాను.

అప్పట్లో ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు చాప మీద పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేసి, వచ్చినదాన్ని చర్చి పైకప్పుకు వాడేవారు. ఆ వేలంలో నా పనల్లా ధర ఎగదోసి, చివరికి దాన్ని మా అక్క మొగుడు, అంటే మా బావ నెత్తిన రుద్దడం. ఒకసారి ఆయన తెచ్చిన కోడిపుంజును ఆయన చేతనే వెయ్యి రూపాయలకు కొనిపించాను. వెయ్యి కాదులెండి, నూటపదహారు. "నా పుంజును నేనే కొనుక్కోవాలంట్రా బామ్మర్దీ, నీ నోరు పడిపోను!" అని తిడుతూనే నవ్వుతూ ఇచ్చాడు మహానుభావుడు.

ఆ ఏడు మాత్రం పచ్చపురుగు పత్తి కాయనూ మొగ్గనూ తొలిచేసింది. ఎంత మందు కొట్టినా అది చావలేదు గానీ, ఆ మందే తాగి పక్క ఊళ్లో ఇద్దరు రైతులు పోయారు. అప్పటినుంచి మగవాళ్లు పొలంనుంచి రావడం కాస్త ఆలస్యమైతే మా ఊరి ఆడవాళ్లు డొంకదాకా ఎదురువెళ్లేవారు. బావ మాట్లాడడం మానేశాడని మా అక్క మా ఇంటికొచ్చి ఏడ్చిపోయింది. ఈసారి పండుగ వద్దని పెద్దలంటే, పాస్టరుగారు ఉన్నదే తెమ్మన్నారు. ఒక ముసలమ్మ ఒక్క కోడిగుడ్డు తెచ్చింది, మేము గంపెడు తాలు మిరపకాయలు పట్టుకెళ్లాం. బావ గోనెసంచితో వచ్చాడు. సొరకాయేమో అనుకున్నాం. ఆయన తీసి చాప మీద పెట్టింది మూత తీయని పురుగుమందు డబ్బా.

"ఇదేంటయ్యా?" అన్నారు పాస్టరుగారు.

"ఉన్నది తెమ్మన్నారు కదండీ. వారంనుంచి దీన్నే చూస్తా కూర్చుంటన్నాను. నా దగ్గర్నుంచి తీసేసుకోండి."

అక్క కెవ్వుమంది. ఆ కంగారులో సంఘపెద్ద అలవాటుకొద్దీ డబ్బాను పైకెత్తి "ఒకటోసారి" అనేశాడు.

అప్పుడు నేను దిగ్గున లేచి, "ఐదు వందలు!" అని అరిచి దాన్ని దక్కించుకున్నానని ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుంటూ వచ్చాను. మంచి భోజనం పెట్టినచోట వెయ్యి కూడా చేశాను. అంతా అబద్ధం. నేను లేవలేదు సరికదా, స్తంభం చాటుకు జరిగాను. ఎందుకంటే మా కొట్టంలో పిడకల వెనక అలాంటి డబ్బాయే నేనొకటి దాచి ఉంచాను. లేస్తే నా మొహం అందరికీ కనిపిస్తుంది, చూసినవాళ్లకు సంగతి తెలిసిపోతుంది. బావ చేసిన పని చేసే ధైర్యం నాకు లేదు.

వేలం పాట పాడింది మా ఆవిడ. ఆడవాళ్ల వైపునుంచి లేచి, "పది రూపాయలు!" అంది. ఎవరూ కదలకపోతే, "చూస్తారేంటి, పెంచండి! అన్నయ్యగారి కానుక అంత చులకనా?" అని గద్దించింది. వెనకనుంచి ఎవరో పదకొండన్నారు. డబ్బు లేనివాళ్లు రెండు శేర్ల జొన్నలు, అరకుంచం కందులు అంటూ పాడారు. గుడ్డు తెచ్చిన ముసలమ్మ ఇంకో గుడ్డు పాడింది. అలా ఆ డబ్బా ఏ ఒక్కరిదీ కాకుండా ఊరందరిదీ అయింది. పాస్టరుగారు దాన్ని తీసుకెళ్లి కొట్టువాడికి తిరిగిచ్చేశారు. పాడినదంతా బావ గోనెసంచిలోకే పోయింది, చర్చి పైకప్పు ఆ ఏడూ కారింది. బావ మాత్రం ఇప్పటికీ ఉన్నాడు, ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉన్నాడు.

మా ఆవిడ నన్నేమీ అడగలేదు. మర్నాడు కొట్టంలోకి వెళ్లి చూస్తే పిడకల వెనక డబ్బా లేదు. ఆమె పోయేదాకా ఆ ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు కానుకలు ఎక్కువగా కవర్లలో వస్తున్నాయి. పైన పేరు రాసి, నాలుకతో తడిపి అంటించి ఇస్తాం. లోపల ఎంతుందో లెక్కపెట్టేవాళ్లకు తెలుస్తుంది, ఇచ్చినవాడి ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఈ ఏడూ పైర్లు బాగాలేవు. మొన్న మా వరసలో కూర్చున్న కుర్ర రైతు చాలాసేపు కవరు చేతిలోనే పట్టుకుని కూర్చుని, నేను చూడగానే గబుక్కున పెట్టెలో వేసేశాడు. ఏమయ్యా, అంతా బాగేనా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ మొహం ఎలాంటిదో నాకు బాగా తెలుసు.