హవల్దారుగారి ఆఖరి కాలమ్

కోవిడ్ తగ్గిన ఏడాది నన్ను మా పత్రిక నర్సీపట్నం డెస్క్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. చుట్టుపక్కల మండలాల వార్తలు దిద్ది, పేజీ కట్టించి, ప్రెస్సుకు వదలడం నా పని. అందులో ఆదివారం వ్యంగ్య కాలమ్ రాసేవారు సన్యాసినాయుడుగారు. గొలుగొండ మనిషి, సైన్యంలో హవల్దారుగా రిటైరై చెరకు వేసుకుంటున్నారు. ఆయన రాసినదాంట్లో కొట్టేయడానికి నాకు మాట దొరికేది కాదు.

మాకవరపాలెం దగ్గర ఓ ఊళ్లో, సరిహద్దులో చనిపోయిన జవాను విగ్రహాన్ని ఆవిష్కరించారు. వచ్చిన నాయకుడు ఎండ నడినెత్తికెక్కాక దిగి, జవాను పేరు తప్పు పలికి, తన గొప్పలే చెప్పుకుని వెళ్లాడు. నాయుడుగారు అది కళ్లారా చూసి రాశారు. విగ్రహం అటెన్షన్‌లో నిలబడి, నాయకుడి నోట తప్పుగా వచ్చిన తన పేరు వింటూ, కాళ్లు సడలించుకోమనే ‘విశ్రామ్’ ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఉపన్యాసం భరించినట్టు. టీ కొట్లలో జనం పగలబడి నవ్వారు.

రెండు రోజులకు జవాను తల్లి నూకాలమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. బస్సులో ఎవరో పైకి చదువుతుంటే అందరూ నవ్వారట.

“నా కొడుకేటి సేసాడు బాబూ? సచ్చిపోయినోడ్ని సూసి నవ్వుతారేటి?”

ఫోన్ చేస్తే నాయుడుగారు వెంటనే వచ్చారు. ఆమె ఎదుట కూర్చుని మొత్తం చదివి వినిపించారు. ఆమె ఎక్కడా నవ్వలేదు.

“నువ్వు తిట్టింది ఆ పెద్దమనిసినే. బాగానే తిట్టావు. కానీ బస్సులో మావోడి పేరు ఇనబడ్డప్పుడే నవ్వారు బాబూ.”

“మా రెజిమెంటు కుర్రోడే కదమ్మా, ఆడి తరఫునే రాసాననుకున్నాను” అన్నారాయన చేతులు జోడించి.

ఆమె చటుక్కున ఆ చేతులు పట్టుకుంది. “ఆడితో పనిసేసావా? అక్కడ అన్నం సరిగ్గా తినీవోడా?”

నాయుడుగారు తల దించుకున్నారు. “నేనొచ్చేసాక సేరాడమ్మా. ఆడ్ని సూడలేదు.”

ఆమె చేతులు వదిలేసింది.

మరుసటి వారం కాలమ్ రాలేదు. నేను గొలుగొండ వెళ్లాను. “రాద్దామని కూకుంటే ఆ తల్లి అడిగిందే ఇనబడతంది సార్” అన్నారు. మళ్లీ రాయలేదు. తర్వాత గుండెపోటుతో పోయారు. ఆ వార్త నేనే దిద్దాను.

వ్యంగ్యం గురి ఎవరి మీదో, రాసేవాడికీ దిద్దేవాడికీ తెలుస్తుంది. పక్కన ఉన్నవాళ్లకు ఎలా వినబడుతుందో ఇద్దరికీ తెలియదు. అందుకే రిటైరయ్యేదాకా, చనిపోయినవాళ్ల ప్రస్తావన ఉన్న ఏ వ్యంగ్యాన్నీ వాళ్ల ఇంటివాళ్లకు ముందుగా చదివి వినిపించకుండా ప్రెస్సుకు పంపలేదు.