అమ్మోరున్న ఇంట్లో పోపు

టాటానగర్ స్టేషను వెనకాల, పట్టాలకూ మురిక్కాలువకూ మధ్య ఇరుక్కున్న ఆ సందుని అందరూ తెలుగు లైను అంటారు. పేరైతే మిగిలింది గానీ, ఇప్పుడు సగం ఇళ్ళలో హిందీయే. బంగారమ్మకి ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. "ఏటి తెలుగు లైను? 'ఇడ్లీ తింతావేట్రా' అంటే 'నహీ దాదీ, మ్యాగీ' అంతన్నారు గుంటలు!" అని ఇడ్లీ గుడ్డ విదిలించి మరీ చెబుతుంది.

సందు మొదట్లో ఉన్న ఇడ్లీ బడ్డీ ఆవిడదే. వెనక రెండు గదుల ఇల్లూ ఆవిడదే. ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చినప్పుడు ఆవిడకి హిందీలో 'పానీ', 'నహీ' తప్ప ఇంకో ముక్క రాదు. ఆ రెండు ముక్కలతోనే కుళాయి దగ్గర ఊరందరితో దెబ్బలాడి బిందె నింపుకొచ్చేదంటే ఇక చూసుకోండి. మొగుడు భీమారావు లోకో షెడ్డులో ఖలాసీ. మాట తక్కువ మనిషి. "మా ఇంట్లో నోరు ఒక్కటే, అది దానికిచ్చేశాను" అని నవ్వేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఎదురింటి ఇంద్రాణి కూడా ఆ ఏడే కాపురానికొచ్చింది, సోంపేట నుంచి. బంగారమ్మని 'అప్పా' అనేది, అక్కా అన్నట్టు. ఆవిడ మొగుడు సూర్యం రైల్వేలో గ్యాంగ్‌మన్. రెండిళ్ళ మధ్య సందు ఎంత ఇరుకంటే, ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని కూర గిన్నె చేతులు మార్చుకునేవారు. ఇద్దరూ కలిసి తెల్లవారుతుండగా బుట్టలు పట్టుకుని పట్టాల వెంట రాలిన బొగ్గు ఏరుకొచ్చేవారు. రైల్వే పోలీసు విజిలేస్తే చీరలు ఎగ్గట్టి పరుగో పరుగు. ఇంటికొచ్చి పడ్డాక కడుపు పట్టుకుని నవ్వుకోవడం. కొడుకు పింటూ పుట్టినప్పుడు ఇంద్రాణికి పాలు పడకపోతే, బంగారమ్మ తన కూతురితో పాటు వాడికీ పాలిచ్చింది. అహా, ఏం రోజులవి! బంగారమ్మ ఇప్పటికీ బడ్డీ ముందు ఎవరు దొరికితే వాళ్ళకి ఆ బొగ్గు కథ చెబుతుంది. విన్నవాళ్ళకే మళ్ళీ చెబుతుంది. ఎవరైనా "విన్నాం" అంటే కోపం కూడా వస్తుంది.

ఇంకొక పెత్తనం కూడా ఆవిడదే. ఆ లైనులో ఏ పిల్లకి ఆటలమ్మ పోసినా మొదటి కబురు బంగారమ్మకే వెళ్ళేది. పేరులోనే అమ్మోరున్న మనిషి కదా! ఆవిడ వచ్చి గుమ్మానికి వేపమండలు కట్టేది. ఆ ఇంటికి ఎవరూ వెళ్ళకూడదు, ఆ ఇంటివాళ్ళు ఎక్కడికీ రాకూడదు. చల్ల, పెరుగన్నం ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మం బయట పెట్టి వెళ్ళాలి. మందూ మాకూ, సూదీ పనికిరావు. అన్నిటికన్నా పెద్ద కట్టడి పోపు. నూనెలో ఆవాలు చిటపటలాడితే అమ్మోరు ఆ ఇంట్లో నిలవదు. ఒళ్ళు నెమ్మదించి, వేపాకు పసుపునీళ్ళు పోసి, అమ్మోరిని మర్యాదగా సాగనంపాకే మళ్ళీ పోపు. మధ్యలో వేశారంటే తల్లిని మెడపట్టి గెంటినట్టే. ఆ కోపం ఇంటి మీద పడుతుందని లైనంతా నమ్మేది, బంగారమ్మ అందరికన్నా ఎక్కువ నమ్మేది.

అలాంటి చోటుకి కరోనా వచ్చింది.

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో ఊళ్ళోని ఒక ఛానెల్ వాడు మైకు పట్టుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. దక్షిణం నుంచి వచ్చే రైళ్ళలో ఈ లైను వాళ్ళే రోగం మోసుకొచ్చారని గట్టిగట్టిగా చెప్పాడు. నిజానికి అప్పటికి లైనులో ఒక్కరికీ జ్వరం లేదు. ఆ సాయంత్రం నుంచి కూరగాయల బండి సందులోకి రావడం మానేసింది. పింటూ పెళ్ళాం సోనీ అగ్రికో కాలనీలో ఒక క్వార్టర్లో వంటకి వెళ్ళేది. ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. "మనల్ని పురుగుల్లాగ చూపించినాడమ్మా ఆడు!" అని ఇంద్రాణి రోజంతా తిట్టిపోసింది. ఆ తర్వాత ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలు తీసేస్తారట, మామూలు జ్వరాన్ని కూడా కరోనా అని రాస్తారట, శవం కూడా ఇవ్వరట. ఛానెల్ వాడే అన్ని అబద్ధాలు చెప్పాక, ఫోనులోది ఎందుకు అబద్ధమవుతుంది? జనం అలాగే ఆలోచించారు. జ్వరం వచ్చినవాళ్ళు దాచుకోవడం మొదలుపెట్టారు. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేవారు.

అప్పుడు బంగారమ్మకి ఒక ఆలోచన వచ్చింది. "ఏటి దాచుకుంతారు? ఇది కూడా అమ్మోరేనే. కొత్త పేరు పెట్టుకుని వచ్చినాది. మండలు కట్టండి" అంది.

కట్టారు! ఎంత హాయిగా కట్టారో. కరోనా అంటే సిగ్గు, అమ్మోరు అంటే గౌరవం. మండ కట్టిన ఇంటికి ఎవరూ వెళ్ళేవారు కాదు, ఆ ఇంటివాళ్ళు బయటికి వచ్చేవారు కాదు. గుమ్మం ముందు చల్ల గిన్నెలు వరసగా ఉండేవి. ఆ ఏడు లైనులో జ్వరాలు తిరిగాయి గానీ ఎవరూ పోలేదు. బంగారమ్మ గర్వానికి పట్టపగ్గాల్లేవు. మళ్ళీ అదే ఛానెల్ వాడొచ్చి వేపమండలు చూపించి, వెనక దయ్యాల సినిమా సంగీతం పెట్టి, వీళ్ళంతా మూఢులని చెప్పాడు. మొన్న రోగం మోసేవాళ్ళు, ఈసారి మూఢులు! అంతే, లైనులో ఆ ఛానెల్ మాటే కాదు, ఏ ఛానెల్ మాటా నమ్మకూడదని అందరూ అనుకున్నారు. వాళ్ళు నిజం చెప్పిన రోజున కూడా నమ్మలేదు.

మరుసటేడు ఎండాకాలంలో రోగం వేరే మొహంతో వచ్చింది. ఆ ఏప్రిల్‌లో స్టేషను మైకు కన్నా అంబులెన్సు కూతలే ఎక్కువ వినబడేవి. ఇంద్రాణికి జ్వరం వచ్చింది. బంగారమ్మే స్వయంగా మండలు కట్టింది. వారం తిరక్కుండానే ఒక పొద్దున, బడ్డీలో పిండి కలుపుతుంటే పింటూ పరిగెత్తుకొచ్చాడు. గమ్హరియాలో ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"పెద్దమ్మా, మా నహీ మాన్ రహీ హై. ఆప్ బోలోగీ తో మానేగీ" అన్నాడు. అమ్మ ఆసుపత్రికి రానంటోంది, నువ్వు చెబితే వింటుందని.

బంగారమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సందు దాటింది. అమ్మోరున్న ఇంట్లోకి అడుగుపెట్టకూడదన్న కట్టడి ఆవిడదే. అయినా వెళ్ళింది. ఇంద్రాణి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదట. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మూల మంచం మీద సూర్యం దగ్గుతూ, "నాకేటి లేదొదినా, దాన్ని సూడు" అన్నాడు.

"ఇంద్రాణీ, లేవే. ఎల్దాం."

"యాడికి? అమ్మోరు ఇంట్లో ఉంటే సూది పొడిపించుకుంతానా? నువ్వే కదప్పా చెప్పినావు."

"నాను తప్పు చెప్పినానే. ఇది అమ్మోరు కాదు."

ఇంద్రాణి ఆవిడ మొహంలోకి అదోలా చూసింది. "నీకెవుడు నేర్పినాడు ఈ మాట? ఆ టీవీ ఓడా?"

పింటూ ఫ్యాక్టరీలో ఎవర్నో బతిమాలి తెచ్చిన, ఊపిరి ఎంత అందుతోందో చూపే మిషను తల్లి వేలికి తగిలించబోయాడు. ఆవిడ చెయ్యి లాగేసుకుంది. "పెన్సిలుకి పెట్టినా అంకెలు చూపిత్తాదంట. ఫోనులో చూపించినారు." ఆ నాలుగు మాటలకే రొప్పు వచ్చింది. "నాను గడప దాటితే అమ్మోరి కోపం ఈళ్ళ మీద పడతాది. నా పిల్లల మీద పడతాది. నన్నొగ్గేయండి."

బంగారమ్మకి అప్పుడు తెలిసింది, ఈ మనిషి తన ప్రాణం కోసం భయపడటం లేదు. ఇంటి కోసం కూర్చుని ఉంది. ఎంత చెప్పినా లేవదు. ఏడ్చినా లేవదు. అమ్మోరు ఇంట్లో ఉన్నంతసేపూ లేవదు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి చల్లగా, శుభ్రంగా ఉంది. గ్యాసు వెలిగించి మూకుడు పెట్టి నూనె పోసింది. ఆవాల డబ్బా మూత ఊడి రాలేదు, పళ్ళతో లాగింది. 'తల్లీ, చేసేది నేను. ఈ ఇంట్లోవాళ్ళకేం సంబంధం లేదు. ఏదన్నా ఉంటే నా మీద చూపించుకో' అనుకుంది. ఆవాలు వేసింది, ఎండుమిరపకాయలు తుంచి వేసింది, ఇంగువ వేసింది. చిటపటమని ఇల్లంతా మోగింది. ఘాటుకి సోనీ గుమ్మం బయటే తుమ్మింది.

"ఓలమ్మో! పోపేటప్పా! పోపేసినావేటప్పా!" ఇంద్రాణి గొంతు కేకలా కాదు, ఈల వేసినట్టు వచ్చింది. లేవబోయి గోడ పట్టుకుంది. ఆ వెంటనే తెల్లబోయి చూసింది. "వాసనేదీ? సప్పుడైతే ఇనబడినాది. నాకు వాసన రాలేదేటప్పా?"

చట్నీలో ఇంగువ చిటికెడు ఎక్కువైతే ఎదురింట్లోంచే "అప్పా, ఇయ్యాల చెయ్యి జారినాదేటి?" అని అరిచే ముక్కు అది. బంగారమ్మ మూకుడు పట్టుకుని అక్కడే బావురుమంది.

"అయిపోనాదే. అమ్మోరు ఎలిపోనాది. గెంటినాను నానే. ఇంక ఈ ఇంట్లో నువ్వు కాపలా కాసీది ఏటీ లేదు. లే."

పింటూ ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టుకుంటే ఇంద్రాణి అడ్డుపడలేదు. ఆటో కదిలేముందు మాత్రం బంగారమ్మ వైపు చూసి, "దీని పాపం నీది" అంది.

"నాదే. ఎల్లు" అంది బంగారమ్మ.

ఆసుపత్రిలో మంచం దొరకడానికి పింటూ పడ్డ పాట్లు వేరే కథ. దొరికింది. ఇంద్రాణి బతికింది. కానీ ఆవిడ అక్కడుండగానే, నాకేం లేదన్న సూర్యం నిద్రలోనే పోయాడు. ఎవరికీ చెప్పుకోకుండా, ఎవరికీ పని పెట్టకుండా పోయాడు. డాక్టరు అదే రోగమన్నాడు, ముందే ముదిరిపోయిందన్నాడు. లైను మాత్రం ఆ మాట వినలేదు. పోపు అంది.

ఇంద్రాణి చిక్కి సగమై ఇంటికొచ్చాక సంగతి తెలిసింది. అరుస్తుందనుకున్నారు, శాపనార్థాలు పెడుతుందనుకున్నారు. ఏమీ లేదు. బంగారమ్మ గుమ్మం దగ్గరికి వెళ్తే లోపలికి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఒక్క మాట లేదు. కూర గిన్నె లేదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకి చూస్తుంది.

బంగారమ్మకి మాత్రం తెలుసా, అమ్మోరికి కోపం వచ్చిందో రాలేదో? తెలీదు. డాక్టరు మాట నిజమేనని పగలంతా అనుకుంటుంది. దీపం పెట్టే వేళకి అనుమానం వస్తుంది. సూర్యం అంటే ఆవిడకి సొంత మరిది కన్నా ఎక్కువ. భీమారావు పోయినప్పుడు పాడె మోసిన భుజం అది. "నా మీద చూపించుకో అన్నాను గదా తల్లీ, ఇనబడలేదేటి?" అని ఎన్నిసార్లు అడిగిందో.

మొన్న ఒక పొద్దున సోనీ చట్నీ కోసం బడ్డీకి వచ్చింది. అత్తకి తెలియకుండా వస్తుంది, కోడలు కదా. ఎదురింటి కిటికీ వైపు ఒకసారి చూసి, మెల్లిగా అడిగింది.

"పెద్దత్తా, ఒక మాట అడుగుతాను, బురా మత్ మాన్నా, ఏటీ అనుకోకు. ఆ రోజు పోపు ఎయ్యకపోతే బాగుణ్ణని ఎప్పుడైనా అనిపిత్తాదా?"

బంగారమ్మ చట్నీ గరిటె ఎత్తిందో లేదో, బయట కేకలు. సందులో కూరగాయల బండివాడితో ఇంద్రాణి గొడవ పెట్టుకుంది. వంకాయల్లో పుచ్చులున్నాయట. సగం హిందీ, సగం తెలుగు, మధ్యలో వాడి తాత ముత్తాతలు. ఒక్క గుక్కలో, ఊపిరి తీసుకోకుండా తిడుతోంది. బండివాడు చేతులెత్తేశాడు.

"ఉండు, సోనీ" అని బంగారమ్మ పొయ్యి తగ్గించింది. "దాన్ని ఇననీ."