ఊరు వార్డుగా మారిన ఏడు

మా వార్డు కార్యాలయం ముందు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మధ్యాహ్నం వేళ ట్యాంకరు వచ్చి, కొత్తగా పరిచిన ఎర్ర మొరం మీద నీళ్లు చల్లి పోగానే, కాగిన నేల నుంచి వెచ్చని మట్టివాసన లేచి కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆస్తిపన్ను వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్న నా చేతులు కాసేపు ఆగిపోతాయి. నల్లగొండను ఆనుకుని ఉన్న ఈ వార్డు ఒకప్పుడు సొంత పంచాయతీ ఉన్న ఊరు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ వాసన నన్ను ఊరి వెనుక గుట్ట కిందికి, ఎండాకాలపు ఉదయాలకు, మా అవ్వ దగ్గరికి తీసుకుపోతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను చిన్న తరగతుల్లో ఉన్నాను. బడికి సెలవులివ్వగానే, ఎండ ముదరకముందే, ఒక చేత జొన్న గట్క గిన్నె, మరో చేత నా చెయ్యి పట్టుకుని అవ్వ ఉపాధి హామీ పనికి బయలుదేరేది. అవ్వ మా నాయినకు తల్లి. బత్తాయి తోటల కంచె వెంట, పూత వాసన పీల్చుకుంటూ నడిస్తే గుట్ట వచ్చేది. వాన నీళ్లు కిందికి పారిపోకుండా ఆ వాలులో కందకాలు తవ్వేవారు. సెంటు భూమి కూడా లేని మా వాడ ఆడవాళ్లందరూ అక్కడ ఒక గుంపు. గడ్డపార దిగినప్పుడల్లా రాయి ఖంగుమనేది, మట్టి తట్టలు ఒక చేతి నుంచి మరో చేతికి మారేవి, వేపకొమ్మకు కట్టిన, ఒకప్పుడు నేనూ ఊగిన పాతచీర ఉయ్యాలలో పసిపిల్ల ఏడిస్తే ఎవరి బిడ్డ అని చూడకుండా దగ్గరున్నవాళ్లు ఊపి పోయేవారు.

ఆ గుంపుకు ఒక పద్ధతి ఉండేది. కొలతలు గీయగానే రాళ్లు తక్కువగా ఉన్న మెత్త జాగా ముసలివాళ్లకూ బాలింతలకూ వదిలి, గట్టి జాగా వయసులో ఉన్నవాళ్లు తీసుకునేవారు. ఎవరూ చెప్పనక్కరలేదు, ఎవరూ దాన్ని దయ అనుకోలేదు. మోకాళ్లు పట్టుకుపోయి అవ్వ గడ్డపార ఎత్తలేని దశకు వచ్చాక ఆమెకు నీళ్లు పోసే పని ఇచ్చారు. కుండకు తడిగుడ్డ చుట్టి, చెంబు చేత పట్టుకుని, ఒక్కొక్కరి దోసిట్లో నీళ్లు పోస్తూ ఆమె ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. కాస్త ఆలస్యమైతే గుంపుకు పెద్దయిన యాదమ్మ కేకేసేది.

“ఓ అత్తా, కుండ కాడ కునుకు తీస్తున్నవా? ఈడ గొంతులెండిపోతున్నయ్!”

“నీ గొంతెన్నడెండిందే? వాగుడు బందువెడితె గద ఎండనీకి!” అని అవ్వ తిప్పికొట్టేది. ఆ నవ్వులు గుట్ట అవతల మేకల కాపరులకు కూడా వినిపించేవి.

పొద్దెక్కాక వేప నీడలో గిన్నెలు విప్పితే గట్క, పచ్చి ఉల్లిగడ్డ, కొత్త మామిడికాయ తొక్కు; ఎవరైనా తాటివనం వైపు నుంచి వస్తే ముంజలు. నేను నున్నని రాళ్లు ఏరుకుని కచ్చకాయలు ఆడుకునేదాన్ని. వానలు వెళ్లి బతుకమ్మ పండుగ వచ్చేసరికి అదే గుట్ట మీద తంగేడు విరగబూసేది. అదే ఆడవాళ్లు ఒళ్లో పూలు నింపుకుని దిగేవారు. పండుగ చివరి రోజు, సద్దుల నాడు, రొట్టె బెల్లంతో కలిపి చేసిన మలీద ముద్దలు వాళ్ల చేతుల్లోంచి నా చేతికి వచ్చేవి. ఏ ఇంటి మలీదలో బెల్లం ఎక్కువో నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊరిని మున్సిపాలిటీలో కలుపుతారన్నారు. పంచాయతీ ముందు గ్రామసభ పెట్టారు. టౌన్‌లో ఇళ్లు కట్టే సుతారి పని చేసే మా నాయిన ఆ రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. వచ్చిన అధికారి రాబోయేవన్నీ చదివాడు: నల్లాలు, వీధిదీపాలు, సిమెంటు రోడ్లు, మురికి కాల్వలు. పోయేది ఏమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. కలిసిన తర్వాత వస్తాయే తప్ప పోతాయన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఇష్టమైనవాళ్లు చేతులెత్తమన్నప్పుడు వెనుక వరుసలోని ఆడవాళ్లంతా అవ్వ వైపు చూశారు. అవ్వ నా వైపు చూసింది.

“బడి నుంచి వచ్చేటాల్లకు చీకటైతాంది పిల్లకు. లైట్లన్న వడనియ్యి,” అంటూ చెయ్యెత్తింది. ఆమెను చూసి యాదమ్మ, యాదమ్మను చూసి మిగిలిన గుంపు. ఆ సాయంత్రం డప్పులు మోగాయి, బూందీ పంచారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

మరుసటి ఎండాకాలం, ఎప్పటిలాగే, గడ్డపారలూ తట్టలూ తీసుకుని, ఉపాధి కార్డులు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా చుట్టుకుని అందరూ గుట్ట కిందికి పోయారు. కొలతలు గీసేవాళ్లు రాలేదు. పొద్దు నెత్తికెక్కుతుండగా బండి మీద పోతున్న పక్కూరి మనిషి ఆగి, “మీది మున్సిపాలిటీల కలిసె గదమ్మా, టౌన్ల ఉపాధి పని ఉండది” అన్నాడు.

“అరె, కార్డులు మా తాన్నే ఉన్నయ్ గద!” అంది యాదమ్మ. తట్ట బోర్లించి, “ఇగ మనం టౌనోళ్లమే. పాండ్రి, కూలర్ల ముంగట కూసుందాం” అంది. ఎవరూ నవ్వలేదు. మోసుకొచ్చిన నీళ్లు పారబోయడం ఇష్టం లేక అవ్వ ఒక్కొక్కరి దోసిట్లో పోసింది. అందరూ తాగి లేచారు.

ఆ తర్వాత కూలీ ఆటోలు వచ్చాయి. దూరపు ఊళ్లలో పత్తి ఏరడానికి చురుకుగా ఉన్నవాళ్లను ఎంచుకుని ఎక్కించుకుపోయేవారు. మెత్త జాగా వదిలే గుంపు లేనప్పుడు అవ్వను పిలిచేవాళ్లు లేరు. నాకు మాత్రం చెప్పిన ప్రతిదీ అందింది. దీపాల కింద నడిచి చదువుకున్నాను, టౌన్ బస్సెక్కి డిగ్రీ కాలేజీకి పోయాను, మా ఇంట్లో మొదటి పట్టభద్రురాలినయ్యాను, ఈ కార్యాలయంలోనే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం సంపాదించాను. మొదటి జీతంతో అవ్వకు గద్వాల చీర కొన్నాను.

“చీరె మంచిగుంది బిడ్డా,” అంది నిమురుతూ. “కట్టుకొని యాడికి వోవాలె?”

ఈ మధ్య పక్క ఊరిని కూడా కలపబోతున్నామని మా అధికారి అక్కడ సభ పెట్టారు. నా గొంతు స్పష్టంగా ఉంటుందని, రాబోయేవన్నీ రాసిన కాగితం చదవమని నాకిచ్చారు. ముందు రోజు సాయంత్రం ఇంట్లో చదివి చూసుకుంటుంటే గడపలో కూర్చున్న అవ్వ విన్నది.

“పని పోతదని జెప్పవా మరి?”

“అడిగితే చెప్తనవ్వా.”

“అడగరు బిడ్డా. మేం అడిగినమా?”

మరునాడు కాగితం చివరిదాకా చదివాను. అందులో లేని మాట ఒకటి, అధికారి వైపు చూడకుండా, చెప్పాను: ఊరు కలిసిన తర్వాత ఉపాధి పని ఉండదని. వెనుక వరుసలో తలకు కొంగు చుట్టుకున్న ఒక ముసలామె మెల్లగా లేచి నిలబడింది.

“మీది గా కలిసిన ఊరే గద బిడ్డా. ఆడ పనిజేసిన ఆడోళ్లందరు గిప్పుడు యాడున్నరు?”

పని వెతుక్కుంటూ మా వాడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు వదిలి వెళ్లాక, మా వార్డులో ఇప్పుడు మోత్కూరు నుంచి, కట్టంగూరు నుంచి పిల్లల చదువులకని వచ్చి కిరాయికుంటున్నవాళ్లే ఎక్కువ. ఏ ఇంటి నంబరు చెప్పినా అందులో ఎవరున్నారో నేను తడుముకోకుండా చెప్పగలను. కందకాలు పూడ్చి, ప్లాట్లు చేసి, హద్దురాళ్లు పాతిన ఆ గుట్ట కింద నన్ను ఊయలలో ఊపిన చేతులు, పండుగకు మలీద పెట్టిన చేతులు ఇప్పుడు ఏ ఊరి చేనులో ఉన్నాయో, యాదమ్మ ఏ ఆటో ఎక్కుతోందో, అసలు ఎక్కగలుగుతోందో లేదో, నేను ఏనాడూ కనుక్కోలేదు.

“తెల్వదవ్వా,” అన్నాను మైకులోనే.