కమ్మీల వెనక ఎలుగు

మేమిద్దరం పలాస వైపు నుంచి వెల్డింగ్ పనికి పరాయి దేశం వెళ్లినవాళ్లం. అతను మా మేనత్త కొడుకు. నేను అతన్ని బావా అంటే అతనూ నన్ను బావా అంటాడు. ఉద్దానంలో వాళ్ల జీడితోటలో ఒక తెల్లవారుజామున రాలిన పిక్కలు ఏరుతుంటే ఎలుగుబంటి మీద పడి అతని ఎడమ చెంప చీరేసింది. అప్పట్నుంచీ మొహానికి తువ్వాలు చుట్టుకోకుండా నలుగురిలోకి రాడు. ఆ నగరంలో జూ ఉందని, అందులో మన వైపు ఎలుగు కూడా ఉందని ఎవరో చెప్పిన రోజు నుంచీ నా ప్రాణం తీశాడు.

"ఓపాలి సూడాల బావా. బోనులో ఉండగా దాని మొకం మీద ఉమ్మెయ్యాల. అప్పటికి గాని నా కడుపుమంట సల్లారదు."

సెలవు రోజున వెళ్లాం. గేటు దాటగానే ఫినాయిలు కంపూ పాప్‌కార్న్ వెన్న కంపూ కలిసి గుప్పుమన్నాయి. చూడడానికొచ్చారో తినడానికొచ్చారో తెలియని జనం. కోతుల దగ్గర ఒక పెద్దమనిషి వాటికన్నా ఎక్కువ గెంతుతున్నాడు. పడుకున్న సింహాన్ని లేపాలని పిల్లలు కమ్మీలు బాదుతుంటే తల్లులు మురిసిపోతున్నారు. ఛీ, ఇదేం సరదా అనిపించింది.

ఎలుగుకి వీపు మీద బొచ్చు ఊడిపోయి పుండ్లు పడ్డాయి. గోడవారనే అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరో బిస్కెట్ చూపిస్తే రెండు కాళ్ల మీద లేచి చేతులు చాచింది. జనం ఈలలు వేశారు. జీడిపళ్లు పండే రోజుల్లో మా ఊళ్లు వణికిపోయేది దీనికేనా! నాకు రోత పుట్టింది, దాన్ని చూసి కాదు.

బావ తువ్వాలు విప్పి కమ్మీల దగ్గరగా నిలబడ్డాడు.

"ఉమ్ముతావేటి?" అన్నాను.

"దీని మీదేటి ఉమ్ముతాను బావా, అడుక్కు తింతంది. తోటలో నన్ను సీరినప్పుడు ఇలాగ నేదు."

అప్పుడు పక్కనున్న జంట చూసింది, ఎలుగును కాదు, బావ చెంపను. మొగుడు ఫోన్ బావ వైపు ఎత్తి పట్టాడు. పెళ్లాం నవ్వుతూ, ఎలుగు కూడా ఫోటోలో పడేలా కాస్త పక్కకి జరగమని బావకి చేత్తో సైగ చేసింది.

నా చెయ్యి లేచింది. బావ పట్టుకుని ఆపాడు. తువ్వాలు మాత్రం చుట్టుకోలేదు. ఫోన్ వైపు తిన్నగా చూస్తూ, ఎలుగు కోసం ఇన్నాళ్లూ దాచుకున్న ఉమ్ము అతగాడి బూట్ల మీద ఉమ్మేశాడు.