బిగిన్ కాని బస్సు

మొన్న మా మనవరాలు ఇంగ్లీషు హోంవర్కు చేసుకుంటూ, "అమ్మమ్మా, బిగిన్ అన్నా స్టార్ట్ అన్నా ఒకటేగా?" అని అడిగేసరికి, ఒలుస్తున్న చిక్కుడుకాయలు వదిలేసి పకపకా నవ్వాను. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆ ప్రశ్నేనంటే అది నమ్మదు. నా ఈడువాళ్లైన మీరైతే నమ్ముతారు.

ఎనభైల నాటి మాట. రేపల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్న నేను బీఈడీ పూర్తిచేసి, ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి, రెండుచోట్లా నోరు పెగలక తిరిగొచ్చాను. తెనాలిలో టీచరుగా చేస్తున్న మా పిన్ని మాత్రం పట్టు వదల్లేదు. ఆదివారాలు నేను తెనాలి వెళ్తే, చర్చి నుంచి రాగానే నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని, కూర తాలింపు వేస్తూనే బిగిన్, బిగాన్, బిగన్ అని వల్లె వేయించేది. బాపట్లలో ఒక బడి నుంచి పిలుపొచ్చినప్పుడు, ఈసారీ కాకపోతే కుట్టుపని నేర్చుకోమని నాన్న మెత్తగానే చెప్పారు. ఆ మెత్తదనానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ ఉదయం నేనెక్కిన బస్సు నగరం అనే ఊరు దాటగానే ఆగిపోయింది. "దిగండమ్మా, దిగండి! తోస్తేగాని స్టార్ట్ అవదండి!" అని కండక్టరు కేకేయగానే, ధాన్యం బేరగాళ్లూ, కూలికి వెళ్లే అక్కలూ, కొత్త వాయిల్ చీర కుచ్చిళ్లు ఎగదోపుకున్న నేనూ, అందరం కలిసి ఒక్క ఊపున తోశాం. ఇంజను గుర్రుమనగానే మేం కొట్టిన కేరింతలకు పక్క చేలోని కొంగలు లేచిపోయాయి.

బడికి చేరేసరికి నాదే ఆఖరి వంతు. హెడ్మాస్టరుగారు నా మట్టి చేతులు చూసి, కూర్చోమని, బిగిన్‌కూ స్టార్ట్‌కూ తేడా ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. మూడు రూపాలూ గడగడా చెప్పగలను గాని, తేడా ఉంటుందనే ఎప్పుడూ అనుకోలేదు. అంతలో కండక్టరు కేక గుర్తొచ్చి, మాట తెలుగులోనే తన్నుకొచ్చేసింది.

"పాఠమైతే బిగిన్ అన్నా, స్టార్ట్ అన్నా సరిపోద్దండి. బస్సు మాత్రం స్టార్టే అవుద్దండి సార్! ఇందాక మేం తోసొచ్చాం, అది బిగిన్ అవ్వలేదండి!"

ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "అదే ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆగకుండా, బస్సు ఆగిన దగ్గర్నుంచి కొంగలు లేచేదాకా మొత్తం చెప్పాను.

"సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా" అన్నారాయన.

ఆ మాట పట్టుకుని తిన్నగా ఇంటికి వెళ్లలేదు. బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, స్టేషను నుంచి ఇంచుమించు పరుగెత్తుతూ పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ పిండి చేతులతోనే నన్ను వాటేసుకుంది. తర్వాత నాన్నకు చెప్పడానికి మళ్లీ రేపల్లె బండి.

ఇప్పటి పిల్లల మంచి కబుర్లు వాళ్లు గది దాటకముందే అందరి ఫోన్లకూ చేరిపోతున్నాయి, సంతోషమే. కానీ ఇంకా ఎవరికీ తెలియని సంతోషాన్ని ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఎవరితో ఎలా చెప్పాలా అని మనసులో వందసార్లు చెప్పుకుంటూ, రెండు రైళ్లు మారి ఇల్లు చేరడంలోని ఆ తీపి వాళ్లకు ఎలా చెప్పను?